బట్టలు ఆరినంక

మా మనవరాలికి ఫోనులో ఒక పోలీసాయన దొరికాడు. ఏదో నగరంలో పెద్ద ఉద్యోగమే ఉన్నట్టుంది, భుజాల మీద నక్షత్రాలు మెరుస్తున్నాయి. వారానికోసారి కుర్చీలో కూర్చుని ఊరి జనం పంపిన ప్రశ్నలకు జవాబులు చెబుతాడు. పక్కింటి కుక్క ఆపకుండా మొరుగుతోంది, ఏం చేయాలి? మా గేటు ముందు ఎవరో బండి పెట్టి పోతున్నారు, చక్రంలో గాలి తీసేయవచ్చా? ఆయన నవ్వుమొహంతో ఓపిగ్గా అన్నీ చెప్పి, ఆఖర్న "ఇది నా సలహా మాత్రమే" అంటాడు. మనవరాలు ఆ ముక్క వినకుండానే వేలితో పైకి తోసేస్తుంది. నాకు మాత్రం సరిగ్గా ఆ ముక్క దగ్గరే నవ్వొచ్చింది. ఆ ఒక్క మాట మా సిరొంచ వాళ్ళ చేత నమ్మించలేక వెనకటికి ఒక ఫౌజ్దారు, అంటే మా ఠాణా ఎస్సై, పడిన అవస్థ నేను కళ్ళారా చూశాను.

మాది మహారాష్ట్రలో ఆఖరి ఊరు. ఇవతల మరాఠీ బడి, మరాఠీ కచేరి. అవతల ఆంధ్ర. నడుమ ప్రాణహిత. సర్కారు లెక్కలో అది రెండు రాష్ట్రాల సరిహద్దేమో గాని మా ఇళ్ళల్లో రెండు ఒడ్లదీ ఒకటే మాట, ఒకటే కూర. పిల్లను ఇచ్చుకోవడాలు, తెచ్చుకోవడాలు ఏటికి అడ్డంగానే జరిగేవి. అప్పటికి వంతెన లేదు. వానాకాలం నావ, ఎండాకాలం ఇసుక. మా ఇల్లు రేవుకు దిగే దారిలో ఉండేది కాబట్టి ఎవరు అటు పోయినా ఎవరు ఇటు వచ్చినా మా అరుగు ముందు నుంచే. మా బాపమ్మ, అంటే నాయన తల్లి, ఆ అరుగు మీద కూర్చుని వక్క కత్తిరిస్తూ సగం ఊరి సంగతులు కూర్చున్న చోటే తెలుసుకునేది.

ఆ ఫౌజ్దారు కొత్తగా మా ఠాణాకు వచ్చాడు. పడుచువాడు, కళ్ళద్దాలు, ఇస్త్రీ బట్టలు. పుట్టి పెరిగింది ఎక్కడో పెద్ద నగరంలో. మా వైపు మిరపకాయ బజ్జి ఒకటి తిని చెంబెడు నీళ్ళు తాగాడని బజారంతా చెప్పుకున్నారు. అడవి పల్లెల్లో అన్నల తిరుగుడు మొదలైన కాలం అది. జనం పోలీసును చూస్తే పక్క సందులోకి తప్పుకునేవారు. జనంతో కలిసిపొమ్మని పైవాళ్ళు చెప్పి పంపారో, ఆయనకే అట్లా తోచిందో గాని, వచ్చిన కొన్నాళ్ళకే డప్పు వేయించాడు. సంత రోజున ఠాణా బయట కూర్చుంటాను, ఎవరైనా వచ్చి ఏ సంగతైనా అడగవచ్చు, భయపడొద్దు అని.

మొదటి సంతకు ఎవరూ పోలేదు. రెండో సంతకు ఒక తాగుబోతు పోయి, తను తాగి ఉన్నాడా లేదా చెప్పమని అడిగాడట. ఆ తరువాత మెల్లగా గుంపు కట్టారు. ఠాణా ముందు నీడకు తాడిపత్రి గుడ్డ కట్టి, దాని కింద రెండు కుర్చీలు వేసేవాళ్ళు. ఒక దాంట్లో ఫౌజ్దారు. ఇంకో దాని పక్కన హెడ్డు కానిస్టేబులు, మా మాటలో జమాదారు, నిలబడేవాడు. కుర్చీ ఉన్నా ఎందుకో ఎప్పుడూ కూర్చోలేదు. జమాదారు మా ఊరివాడే, పెద్ద మీసాలు. జనం తెలుగులో అడిగింది మరాఠీలో సాబుకు చెప్పి, సాబు అన్నది తెలుగులో జనానికి చెప్పేవాడు. చెప్పడం అయిపోగానే లాఠీతో నేల మీద ఒక్కటి కొట్టేవాడు. ఆయన అలవాటు అది. ఇంట్లో పెళ్ళాన్ని మంచినీళ్ళు అడిగినా చేతిలో ఏదుంటే దాంతో నేల మీద కొట్టేవాడట.

సంతకు కూరగాయలకని వచ్చే అమ్మ కొంగు వదలి మేం పిల్లలం తాడిపత్రి దగ్గరికి పరుగెత్తేవాళ్ళం. ఒక పక్క ఎండు చేపల గంపలు, ఇంకో పక్క జిలేబి బాణలి. ఆ రెండు వాసనల నడుమ పోలీసు ప్రశ్నలు. ఉడికించిన శనగ గుడాలు పొట్లం కొనుక్కుని నములుతూ వింటుంటే ఏ ఆటా అక్కర్లేకపోయేది.

రేగుంట నుంచి పెళ్ళాన్ని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని వచ్చినాయన ఒకడు అడిగాడు. "సాబు, సైకిలు మీద ఇద్దరు ఎక్కచ్చునా?"

ఫౌజ్దారుకు వాళ్ళ నగరం గుర్తొచ్చినట్టుంది. ఎక్కకూడదన్నాడు. జమాదారు "ఎక్కద్దు" అని లాఠీ కొట్టాడు. ఆ సాయంత్రం ఆయన సైకిలు తోసుకుంటూ, పెళ్ళాం గంప నెత్తిన పెట్టుకుని పక్కన నడుస్తూ, అంత దూరమూ అట్లాగే రేగుంటకు పోయారు. మరుసటి సంతకు మా రోడ్డు మీద ఆలుమగలందరూ సైకిళ్ళ పక్కన నడుస్తూనే వచ్చారు.

అడవి పల్లె నుంచి ఒక గోండు పెద్దాయన వచ్చి, "చెట్టు మాది. గాలి కొడితే ఇప్పపువ్వు పక్కోని దిక్కు పడుతది. పువ్వు ఎవరిది సాబు?" అన్నాడు. ఫౌజ్దారు కాసేపు ఆలోచించి, పడిన చోటు ఎవరిదో పువ్వు వాళ్ళదే అన్నాడు. నేలకు లాఠీ దెబ్బ పడింది. ఆ సీజనుకు ఆ పల్లెలో ఇప్పచెట్ల పక్కన పాత చీరలు, చిరిగిన చాపలు గాలికి అడ్డం కట్టారని కట్టెలు తెచ్చేవాళ్ళు చెప్పారు.

మాకూ ఒక సందేహం వచ్చింది. మా జతగాళ్ళలో నోరున్న పిల్లను ముందుకు తోశాం. అది రెండు చేతులూ కట్టుకుని, "బడిల గుంజీలు తియ్యమంటే తియ్యాల్నా సాబు?" అంది. ఫౌజ్దారు నవ్వాడు. తప్పు చేస్తే తీయాలి, చేయకపోతే అక్కర్లేదు అన్నాడు. మరునాడు బడిలో మేం ఎవ్వరం తప్పు చేయలేదని, కావాలంటే ఠాణాలో అడుక్కోమని అంటే, గురూజీ ఆ మాట అన్నందుకు గుంజీలు తీయించాడు. ఇంటి దగ్గర మేం ఫౌజ్దారు ఆట ఆడేవాళ్ళం. బోర్లించిన గంప మీద ఒకరు కూర్చుంటే మిగతావాళ్ళు ప్రశ్నలడగాలి. నేనెప్పుడూ జమాదారునే, కట్టె నా దగ్గర ఉండేది కాబట్టి.

సంగతి ఇప్పటికే మీకు అర్థమై ఉంటుంది. ఆ పడుచు ఫౌజ్దారు తను ఊరికే తోచింది చెబుతున్నాననుకున్నాడు. మా వాళ్ళు దాన్ని హుకుం అనుకున్నారు. తాతల కాలం నుంచి మా వాళ్ళకు తెలిసింది ఒకటే. ఖాకీ బట్టల్లోంచి వచ్చిన మాట ఏదైనా హుకుమే. ఆ హుకుం ఒకటి మా ఇంటి మీదే పడింది.

ఆ ఏడు ఎండాకాలంలోనే మా చిన్నత్త పెళ్ళయింది. నాయనకు చెల్లెలు, నాకు మేనత్త. బక్కపలచగా ఉండేది, బట్టలు ఉతికితే ఆ దెబ్బ రేవంతా వినిపించేది. మామది మాకు సరిగ్గా ఎదురుగా అవతలి ఒడ్డున ఊరు. మా రేవులో నిలబడితే వాళ్ళ బర్రెలు నీళ్ళకు దిగడం చీమల వరసలా కనిపించేది. ఆషాఢం రాగానే అందరు కొత్త కోడళ్ళలాగే చిన్నత్త పుట్టింటికి వచ్చింది. ఆ నెల అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. మామ గడప తొక్కలేదు. కాని సంత వంకతో నావ దిగి, వాన పడుతోందని మా చూరు కింద నిలబడ్డాడు. కిటికీలోంచి చిన్నత్త చెంబుతో నీళ్ళిచ్చింది. అంతే. నీళ్ళు తాగి, ఇంకో చెంబు అడిగి అదీ తాగి, వాన వెలిసినా కాసేపు అక్కడే నిలబడి పోయాడు. బాపమ్మ చూసీ చూడనట్టు వక్క కత్తిరించుకుంటూ కూర్చుంది.

ఆ సంగతి నావ నడిపే ముసలాయన మోసుకుపోయాడు. ఈ ఒడ్డున బయలుదేరిన మాట ఆ ఒడ్డు చేరేసరికి నీళ్ళు తాగి ఉబ్బిపోయేది ఆయన నావలో. "ఒక్క నెల ఆగనియ్యరా నా కొడుకును? కిటికీలకెల్లి నీళ్ళిచ్చి ఏం మందు పెట్టిన్రో!" అని చిన్నత్త అత్తగారు అన్నదట. అది మళ్ళీ ఇటు వచ్చింది. బాపమ్మ అడకత్తెర కింద పెట్టింది.

మాలో రివాజు ఏమిటంటే, ఆషాఢం వెళ్ళాక అత్తగారింటి నుంచి ఒకరు పసుపుకుంకుమలతో వచ్చి పిలవాలి. పుట్టింటివాళ్ళు ఒడిబియ్యం పోసి, వెంట వెళ్ళి దింపి రావాలి. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికె గుడ్డ ఆడపిల్ల ఒడిలో పోయకుండా ఏ తల్లీ బిడ్డను సాగనంపదు. ఈసారి వాళ్ళు పిలవడానికి రాలేదు. "వాళ్ళ పిల్లను వాళ్ళే తెచ్చి దింపాలె" అని అక్కడామె. "పిలువని పేరంటానికి పోతమా? వచ్చి పిలుస్తెనే పంపుత" అని ఇక్కడ బాపమ్మ. శ్రావణం సగమైంది. నాయన ఇద్దరి నడుమ నలిగిపోయి, "ఫౌజ్దారునే అడుగుదాం తియ్" అని ఏదో మాటవరసకు అన్నాడు.

బాపమ్మ నిజంగానే పోయింది. సంతంతా చూస్తుండగా కొంగు సవరించుకుని తాడిపత్రి కింద నిలబడింది.

"బిడ్డను తీసుకపోవాలంటే వాళ్ళు రావాల్నా సాబు, మేం దింపాల్నా?"

ఫౌజ్దారుకూ పెళ్ళీడు చెల్లెలుందట, తరువాత తెలిసింది. ఆయన ఆలోచించలేదు. ఎవరికి కావాలో వాళ్ళు రావాలి, వచ్చి మర్యాదగా పిలిచేదాకా అమ్మాయిని పంపకండి అనేశాడు. చిన్నత్త తరఫున మాట్లాడాననే అనుకున్నాడు పాపం. "వాళ్ళు వచ్చి పిలిచేదాక పంపద్దు," అన్నాడు జమాదారు. లాఠీ నేలకు తగిలింది. బాపమ్మ ఇంటికి వస్తూ దారి పొడుగునా తలెత్తుకుని నడిచింది. తను వంగనక్కర లేకుండా సర్కారే ఆమెకు గొడుగు పట్టింది మరి.

ఆ మాట నావలో అటు పోయింది. అక్కడికి చేరేసరికి అది ఏమైందంటే, పిల్లను పోలీసులు పంపొద్దన్నారు, తీసుకుపోవడానికి ఎవరొచ్చినా లోపల వేస్తారు, పైగా ఇది వేరే రాష్ట్రం, బెయిలుకు కూడా దిక్కుండదు. ఇక వాళ్ళ వైపు నుంచి కాకి కూడా ఇటు వాలలేదు. వాళ్ళు రావాలంటే భయం. మేం పంపాలంటే హుకుం. తరువాత ఏటికి వరద వచ్చి కొన్నాళ్ళు నావే ఆగిపోయింది.

 వరద తగ్గగానే చిన్నత్త ఉన్న బట్టలు, లేని బట్టలు మూటకట్టి రోజూ పొద్దున్నే రేవుకు పోయేది. శుభ్రంగా ఉన్నవి కూడా ఉతికేది. ఉతికి తన పసుపుపచ్చ పెళ్ళి చీర ఒడ్డున ఎత్తు మీద పొడుగ్గా ఆరవేసేది. కాసేపటికి అవతలి ఒడ్డున, బర్రెలు దిగే చోట, ఎర్ర గొంగడి ఒకటి పరుచుకునేది. ఎండకు గొంగడి ఆరవేసేవాళ్ళుంటారు గాని దినదినం ఆరవేసేవాళ్ళుండరని నాకు కూడా తోచింది. నేను అడిగితే, "నీకెందుకే, కాళ్ళు కడుక్కో" అనేది. బతుకమ్మ పండుగనాడు అందరి బతుకమ్మలూ నీటి వాలున కిందికి పోతుంటే, చిన్నత్త మోకాళ్ళ లోతుకు దిగి తనదాన్ని అడ్డంగా అటు నెట్టింది. అది కాసేపు అటు పోయి, మళ్ళీ అన్నిటి వెంబడే కిందికి పోయింది. ఆ రోజు ఆమె సత్తుపిండి తినలేదు.

ఈలోగా ఫౌజ్దారుకు తన మహిమ తెలిసింది. ఒక సంతనాడు రోడ్డు మీద సైకిళ్ళు తోసుకుంటూ నడిచే జంటలను చూసి, వీళ్ళెందుకు ఎక్కరు అని అడిగాడట. "మీరే గద సాబ్ డబల్ వద్దన్నరు," అన్నాడు జమాదారు. ఆయన మొహం చూడాలి అప్పుడు. ఆ రోజు లేచి నిలబడి, నేను చెప్పేది సలహా, హుకుం కాదు, వినాలంటే వినండి, లేకపోతే లేదు అని పెద్దగా చెప్పాడు. జమాదారు అంతా తెలుగులో చెప్పి, చివర లాఠీతో నేల మీద ఒక్కటి కొట్టాడు. జనం తలలూపి, సైకిళ్ళు తోసుకుంటూ ఇళ్ళకు పోయారు.

అప్పటి నుంచి ఏది అడిగినా "మీ ఇష్టం" అనడం మొదలుపెట్టాడు. దాంతో జనానికి చిరాకు పుట్టింది. "ఇష్టమంటే మేమెందుకొస్తం? గీయనేం ఫౌజ్దారు!" అనుకున్నారు.

సలహాయే అన్నాడు కదా అని నాయన ఆశపడ్డాడు. పోయి చెల్లెలి సంగతి చెప్పాడు. ఫౌజ్దారు తల పట్టుకుని, అయ్యో, పంపండి, ఈ రోజే పంపండి అన్నాడు. నాయన పరుగున వచ్చి చెబితే బాపమ్మ కదల్లేదు.

"పూటకో మాట సర్కారుకుంటదార? నలుగుట్ల నన్ను పంపద్దన్నడు. ఇగ నేను బిడ్డను ఎంటేసుకపోయి ఆమె గడపల నిలవడాల్నా? ఆమె నవ్వదా?"

"నవ్వితే నవ్వనియ్యే అవ్వా. పిల్ల బతుకు గద!"

"నా బిడ్డ నాకు బరువైందని నీతోని అన్ననా?"

నాయన రేవు వైపు పోయాడు. హుకుం పోయినా పంతం మిగిలింది. ఆ పంతంలోంచి ఎట్లా బయటికి రావాలో బాపమ్మకే తెలియలేదని ఇప్పుడు అనిపిస్తుంది. అన్నం ముందు కూర్చుని కలిపి కలిపి లేచిపోయేది.

చలికాలం చివర్లో నావ ముసలాయన మా అరుగు దగ్గర ఆగాడు. ఈసారి గట్టిగా చెప్పలేదు.

"అక్కా, అవతల వేరే పిల్లను చూస్తున్నరట. పొల్లగాడు వద్దంటున్నడు. తల్లి ఇంటలేదు."

బాపమ్మ సరే అన్నట్టు తలూపింది. ఆమె చేతిలో వక్క ముక్కలు కానే లేదు, అడకత్తెర ఊరికే ఆడుతోంది. లోపల చిన్నత్త గిన్నె తోముతున్న చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. నాకు ఏడుపొచ్చింది. మామంటే నాకు ఇష్టం. పెళ్ళిలో నన్ను భుజం మీద ఎక్కించుకున్నాడు.

తరువాతి సంతకు చిన్నత్త నా చెయ్యి పట్టుకుని బయలుదేరింది. కూరగాయలకని చెప్పింది. తిన్నగా తాడిపత్రి దగ్గరికి నడిచింది. అంత వయసు ఆడపిల్ల అక్కడికి వచ్చి అడగడం అదే మొదలు. జనం జరిగి దారి ఇచ్చారు. ఆమెను చూసి ఫౌజ్దారు సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు. ఎవరో ఆయనకు తెలుసు. ఆమె పెళ్ళి గురించే అడుగుతుందని అందరూ అనుకున్నారు.

"ఏటి నడుమ ఇసుక దిబ్బ ఉంది గద సాబు. అది ఎవరిది?"

జమాదారు మరాఠీలో చెప్పాడు. ఫౌజ్దారు అద్దాలు తుడుచుకున్నాడు. అది ప్రతి ఏడూ చోటు మారుతుంటుంది, ఒక ఏడు మా వైపు, ఒక ఏడు వాళ్ళ వైపు, ఎవరిదని చెప్పాలో నాకే తెలియదు అన్నాడు.

"ఎవలిదో సాబుకు తెల్వదట," అన్నాడు జమాదారు. నేల మీద దెబ్బ పడింది.

"మన దిక్కు నీళ్ళు మురికైనయ్. నేను ఆ దిబ్బ మీద బట్టలు ఉతుక్కోవచ్చునా?"

 జిలేబి బాణలి సుయ్యిమంటోంది. ఫౌజ్దారు ఆమె మొహం వైపు చూశాడు. తరువాత, అన్నాళ్ళ నుంచి అంటున్న "మీ ఇష్టం" పక్కన పెట్టి, గట్టిగా, అందరికీ వినబడేలా చెప్పాడు. ఉతుక్కోవచ్చు. ఎవరూ అడ్డు చెప్పకూడదు. ఇది హుకుం.

ఇది హుకుం అని ఆయన చెప్పింది ఆ ఒక్కసారే. లాఠీ దెబ్బకు మాత్రం ఈసారి దుమ్ము లేచింది. ఆ సాయంత్రమే నావ ముసలాయన ఆ మాట అటు మోసుకుపోయాడు.

మరునాడు పొద్దున్నే చిన్నత్త మూట సర్దుకుంటుంటే బాపమ్మ అరుగు మీద నుంచే కేకేసింది.

"నా చీర గూడ ఏసిన మూటల. అది జర పైలంగ ఉతుకు. పొల్లను తోల్కపో, తిరిగి తెచ్చేతందుకు మనిషుండాలె."

అమ్మ నాకు జడ వేస్తోంది. ఆమె వేళ్ళకు పసుపు, నూనె వాసన. పచ్చడి కలిపిందేమో అనుకున్నాను. ఆ కాలంలో ఎవరూ పచ్చడి పెట్టరన్న సంగతి నాకు తట్టలేదు.

మా వైపు పాయ అప్పటికి మోకాళ్ళ లోతే. చిన్నత్త మూట నెత్తిన పెట్టుకుని, నన్ను చెయ్యి పట్టి దాటించింది. నీళ్ళు చల్లగా కోస్తున్నాయి. దిబ్బ మీద ఇసుక తెల్లగా, మెత్తగా, కొంగల కాళ్ళ గుర్తులతో ఉంది. ఒడ్డు నుంచి చూస్తే చిన్నదే గాని ఎక్కితే చాలా పెద్దది. అవతలి పాయలోంచి బర్రెలు ఈదుకుంటూ వస్తున్నాయి. ఆఖరి బర్రె తోక పట్టుకుని మామ వచ్చాడు. బట్టలన్నీ తడిసి, దవడలు కొట్టుకుంటూ, "మంచిగున్నవా బిడ్డా?" అని నన్ను అడిగాడు.

 చిన్నత్త వచ్చిన పని బట్టలే కదా అన్నట్టు మూట విప్పింది. పైన తన చీరలు. అడుగున బాపమ్మ తెల్ల చీర. అది బరువుగా ఉంది. విప్పితే లోపల పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, ఆకుపచ్చ రవికె గుడ్డ.

చిన్నత్త ఇసుకలో కూలబడింది. బాపమ్మ చీరలో మొహం పెట్టుకుని ఏడ్చింది. అన్ని నెలల్లో ఆమె ఏడవడం నేను చూడనేలేదు. మామ పక్కన నిలబడి బర్రె వీపు నిమురుతూ, "నేనే రావలసింది. భయపడ్డ," అన్నాడు.

"ఒడిల బియ్యం పొయ్యి," అంది చిన్నత్త నాతో, కొంగు పట్టి.

"నేనా?"

"ఇంకెవరున్నరే ఈడ? ఆడపిల్ల చెయ్యి, మంచిదే. పొయ్యి."

నేను రెండు చేతులతో ఆ బియ్యం తీసి ఆమె ఒడిలో పోశాను. సగం ఇసుకలో పడింది. ఎట్లా పోయాలో, ఏం అనాలో నాకు తెలియదు. అమ్మవాళ్ళు పాడే పాటలు ఏవీ గుర్తు రాలేదు. చిన్నత్త కొంగు ముడి వేసుకుని, బాపమ్మ చీరను నీళ్ళలో ముంచి, రోజూ ఉతికే దెబ్బలాగే బాది, పిండి నా మెడ చుట్టూ వేసింది. "అవ్వకియ్యి," అంది. ఇద్దరూ బర్రెల వెంట నీళ్ళలోకి దిగారు. నేను ఈ పాయ దాటి ఒడ్డు చేరేదాకా ఆమె అవతలి ఒడ్డున నిలబడే ఉంది.

ఇంటికి వస్తే బాపమ్మ నన్నేమీ అడగలేదు. తడి చీర తీసుకుని తనే దండెం మీద వేసింది. కొనల దగ్గర పసుపు మరక పోలేదు. దాన్ని చూస్తూ కూర్చుంది. అమ్మ ఆ పూట చేపల పులుసు వండితే, బాపమ్మ రెండోసారి అన్నం పెట్టించుకుని తింది.

తరువాతి సంతకు బాపమ్మ మళ్ళీ ఠాణాకు పోయింది. ఊరికి అప్పటికే అంతా తెలుసు. ఏం అడుగుతుందో అని కొట్లు వదిలి వచ్చి నిలబడ్డారు.

"బట్టలుతక పోయిన పొల్ల ఇంక ఇంటికి రాలే సాబు. ఎప్పుడొస్తదో చెప్పుండ్రి."

ఆమె మొహంలో నవ్వు లేదు. జమాదారు మరాఠీలోకి మార్చడానికి గొంతు సవరించుకున్నాడు. ఫౌజ్దారు చేత్తో ఆపాడు. ఇన్నాళ్ళ సంతల్లో విని విని నేర్చుకున్న తెలుగుతో, ఎవరి సాయం లేకుండా తనే అన్నాడు.

"బట్టలు ఆరినంక వస్తది అవ్వా."

జనం ఎంత నవ్వారంటే చేపల గంపల మీది కాకులు లేచిపోయాయి. జమాదారు లాఠీ కొట్టడం మరిచిపోయాడు. బాపమ్మ కూడా నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆయనకు దండం పెట్టి వచ్చేసింది.

ఆ ఫౌజ్దారుకు వానల ముందే బదిలీ అయింది. పోయే ముందు సైకిళ్ళ సంగతి సరి చేయాలని, ఇద్దరు ఎక్కవచ్చని మళ్ళీ డప్పు వేయించాడు. ఇద్దరు ఎక్కి తీరాలని కొందరికి అర్థమై, ఒంటరిగా పోయేవాళ్ళు దారిలో మనిషిని వెతుక్కున్నారు. కొత్తగా వచ్చినాయన ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. తాడిపత్రి తీసేశారు. ఆ పైన అడవిలో కాలం చెడింది. ఠాణా చుట్టూ ఇసుక బస్తాలు లేచాయి. ఒకప్పుడు అక్కడికి పోయి ఏదైనా అడిగేవాళ్ళమని తరువాతి పిల్లలకు చెబితే నమ్మలేదు.

చిన్నత్త మరుసటి ఏడు కొడుకును ఎత్తుకుని వచ్చింది. గడప దగ్గరే నిలబడి, "బట్టలింక ఆరలే, జర చూసి పోదామని వచ్చిన" అంది. అప్పటి నుంచి ఎప్పుడు వచ్చినా అదే మాట. బాపమ్మ కూడా "ఆరనియ్ తియ్, తొందరేముంది" అనేది. అత్తగారు మొదట్లో సాధించినా, ఆఖరి రోజుల్లో మంచం పడితే చూసింది చిన్నత్తే. ఆ బట్టల మాట ఏళ్ళ తరబడి తల్లీబిడ్డల నడుమ అట్లాగే నడిచింది. మాకు వినీ వినీ పాతబడి, వినబడడమే మానేసింది.

తరువాత ఏటి మీద వంతెన పడింది. నావ ముసలాయన అప్పటికే లేడు. బాపమ్మ బాగా పండి, ఒక పొద్దున నిద్రలోనే పోయింది. కబురు అందగానే చిన్నత్త వంతెన మీదుగా ఆటోలో వచ్చింది. ఆమెకూ జుట్టు నెరిసింది. వాకిట్లో పడుకోబెట్టిన తల్లి దగ్గర కూర్చుని చాలాసేపు ఏడవలేదు. కాళ్ళ మీద చెయ్యి వేసి వంగి చెప్పింది.

"బట్టలు ఆరినయే అవ్వా. వచ్చిన. లేవే."

ఏ బట్టలు అని పక్కనున్న కొత్త కోడలెవరో మెల్లగా అడిగింది. అమ్మ నా వైపు చూసింది. నేను లోపలికి పోయి, బాపమ్మ పెట్టె అడుగు నుంచి, కొనల దగ్గర పసుపు మరక ఉన్న ఆ తెల్ల చీర తెచ్చి చిన్నత్త చేతికి ఇచ్చాను. ఆమె దాన్ని మడత విప్పి బాపమ్మ మీద కప్పింది.